హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు హైదరాబాద్ నగర పోలీసు శాఖ ఉద్యోగులతో ఏర్పడిన స్థానిక అమెచ్యూర్ క్లబ్. 1960 ప్రాంతం నుంచి ఇదే జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడింది. 1950 నుంచి 1963 వరకు భారతదేశంలోని అత్యుత్తమ జట్లలో ఒకటిగా నిలిచి, జాతీయ టోర్నమెంట్లైన రోవర్స్ కప్‌ను తొమ్మిది సార్లు, డ్యూరాండ్ కప్‌ను నాలుగు సార్లు గెలుచుకుంది. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ దీనిదే. జట్టుకు పేరు తెచ్చిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడి ఉపాధ్యాయుడు. ఆటగాళ్లు నెల జీతం మీద బతికే పోలీసు సిబ్బంది.

ఈ వ్యాసం జట్టు చరిత్రను, పనిచేసిన తీరును, ఆటగాళ్లను, ప్రాముఖ్యాన్ని వివరిస్తుంది. అమెచ్యూర్ క్లబ్ అనే వ్యవస్థ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి జిల్లా పట్టణాలకు ఎలా వర్తిస్తుందో కూడా చెబుతుంది.

అమెచ్యూర్ క్లబ్: నిర్వచనం

ఆటే వృత్తిగా, ఒప్పందం ప్రకారం క్లబ్ నుంచి జీతం తీసుకునే ఆటగాడిని ప్రొఫెషనల్ అంటారు. జీవనోపాధి మరోచోట ఉండి, ఆటను అభిమానంతో ఆడేవారు అమెచ్యూర్లు. అలాంటివారితో నడిచే క్లబ్ అమెచ్యూర్ క్లబ్.

పోలీసు, రైల్వే, సైన్యం, బ్యాంకుల జట్లది ఈ రెంటికీ నడుమ ప్రత్యేక స్థానం. ఆటలో నైపుణ్యం చూసే ఉద్యోగం ఇస్తారు. కానీ జీతం ఉద్యోగానికే తప్ప ఆటకు కాదు. ఆడే వయసు దాటినా ఉద్యోగం ఉంటుంది, పింఛను వస్తుంది. భారత ఫుట్‌బాల్‌లో దశాబ్దాల పాటు అమెచ్యూర్ అన్న మాటకు ఆచరణలో అర్థం ఇదే. నాటి ఒలింపిక్ నిబంధనలు అమెచ్యూర్లను మాత్రమే అనుమతించేవి కాబట్టి, పోలీసు జట్టు ఆటగాళ్లకు ఒలింపిక్స్‌లో ఆడే అర్హత ఉండేది.

నేపథ్యం: హైదరాబాద్‌లో ఫుట్‌బాల్

హైదరాబాద్ సంస్థానానికి ఫుట్‌బాల్ సికింద్రాబాద్ కంటోన్మెంట్ మీదుగా వచ్చింది. బ్రిటిష్ పటాలాలు తమలో తాము ఆడుకునే ఆటను చుట్టుపక్కల యువకులు చూసి నేర్చుకున్నారు. బొల్లారం, తిరుమలగిరి, అమ్ముగూడ వంటి కంటోన్మెంట్ ప్రాంతాల్లో ఒక ధార, పాతబస్తీ మైదానాలు, కళాశాలల్లో మరొక ధార పెరిగాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం, సిటీ కాలేజీ నుంచి ఎందరో ఆటగాళ్లు వచ్చారు. సిటీ కాలేజీ పూర్వ విద్యార్థులు సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ పేరుతో జట్టు నడిపారు.

1939లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడ్డాక ఈ రెండు ధారలూ ఒకే లీగ్‌లోకి చేరాయి. సంఘం కార్యదర్శిగా 1940ల తొలినాళ్లలో బాధ్యత తీసుకున్న రహీమ్, 1963లో మరణించేదాకా ఆ పదవిలో ఉన్నారు. ఒకే వ్యక్తి సంఘాన్ని నడపడం, నగరంలోని ప్రధాన జట్టుకు శిక్షణ ఇవ్వడం వల్ల స్థానిక టోర్నమెంట్ల రూపకల్పనకూ, జట్టు అవసరాలకూ పొంతన కుదిరింది.

చరిత్ర

తొలి దశ

పోలీసు జట్టు ఆరంభ కాలంలో సిటీ అఫ్గాన్స్ అనే పేరుతోనూ వ్యవహారంలో ఉండేది. నార్బర్ట్ ఆండ్రూ ఫ్రువల్ తొలితరం శిక్షకుల్లో ఒకరు. క్రమశిక్షణకు, శారీరక దారుఢ్యానికి ఆయన పెద్దపీట వేశారు. బయటి ప్రాంతాల్లో జట్టు పేరు మొదట వినిపించింది 1943లో. ఆ ఏడాది బెంగళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్ ఫైనల్లో రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించింది. యుద్ధకాలంలో భారతదేశంలో ఉన్న బ్రిటిష్ సైనిక జట్లలో ఇంగ్లండ్‌లో ఆడి వచ్చినవారు ఉండేవారు. అలాంటి జట్టు మీద స్థానిక పోలీసు సిబ్బంది గెలవడం దక్షిణాదిలో చర్చకు వచ్చింది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. ఆ తర్వాతే జట్టు జాతీయ టోర్నమెంట్లలో వరుసగా పాల్గొంది.

రహీమ్ దశ: 1950–1963

1950 సంవత్సరం జట్టు చరిత్రలో మలుపు. ఆ ఏడాది రహీమ్ శిక్షణలో బొంబాయిలో రోవర్స్ కప్‌ను, ఢిల్లీలో డ్యూరాండ్ కప్‌ను గెలుచుకుంది. డ్యూరాండ్ ఫైనల్లో ప్రత్యర్థి కలకత్తాకు చెందిన మోహన్ బగాన్. తొలి మ్యాచ్ 2–2తో సమంగా ముగిసింది. మళ్లీ ఆడిన మ్యాచ్‌లో హైదరాబాద్ 1–0తో గెలిచింది. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఆగిపోయిన డ్యూరాండ్ అదే ఏడాది మళ్లీ మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత జరిగిన తొలి డ్యూరాండ్ విజేతగా హైదరాబాద్ పేరు నమోదైంది.

ఆ తర్వాత 1951, 1952, 1953, 1954లలో రోవర్స్ కప్ ఈ జట్టుకే దక్కింది. 1891లో మొదలైన ఆ టోర్నమెంటులో మరే జట్టూ వరుసగా ఐదేళ్లు గెలవలేదు. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడింది. 1954లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టును ఓడించి రెండోసారి డ్యూరాండ్ గెలిచింది. 1956 ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ మళ్లీ గెలవగా, 1957లో అదే ఈస్ట్ బెంగాల్‌పై హైదరాబాద్ విజయం సాధించింది. 1957లో రోవర్స్ కప్ కూడా తిరిగి చేతికి వచ్చింది.

ఇదే కాలంలో పోలీసు జట్టు ఆటగాళ్లే వెన్నెముకగా ఉన్న హైదరాబాద్ రాష్ట్ర జట్టు, జాతీయ ఛాంపియన్‌షిప్ అయిన సంతోష్ ట్రోఫీని 1956–57, 1957–58లలో వరుసగా గెలుచుకుంది. రెండు ఫైనల్స్‌లోనూ ప్రత్యర్థి బొంబాయి. మొదటిది తిరువనంతపురంలో, రెండోది హైదరాబాద్‌లోనే జరిగాయి.

ఆంధ్రప్రదేశ్ పోలీస్

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కొన్నేళ్లకు జట్టు పేరు ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా మారింది. కొత్త పేరుతో 1960లో రోవర్స్ కప్, 1961లో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించి డ్యూరాండ్ కప్ గెలిచింది. 1962లో రోవర్స్ కప్‌ను ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా పంచుకుంది. 1963లో మరోసారి రోవర్స్ గెలిచింది గానీ డ్యూరాండ్ ఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో ఓడింది.

1963 జూన్ 11న రహీమ్ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన తయారుచేసిన తరం ఇంకా మైదానంలో ఉండటం వల్ల 1965–66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ సాధించింది. సంతోష్ ట్రోఫీలో రాష్ట్రానికి అదే చివరి విజయం.

క్షీణ దశ

జట్టు ప్రాభవం తగ్గడానికి ఒకటి కంటే ఎక్కువ కారణాలు ఉన్నాయి.

మొదటిది, కలకత్తా ఆకర్షణ. అక్కడి పెద్ద క్లబ్బులు పేరుకు అమెచ్యూర్ అయినా, ఆటగాళ్లకు డబ్బు, పేరు, వేలాది ప్రేక్షకుల ముందు ఆడే అవకాశం ఇచ్చేవి. తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లారు. సయ్యద్ నయీముద్దీన్, మొహమ్మద్ హబీబ్ 1960ల మధ్యలో అదే దారి పట్టారు. హైదరాబాద్‌లో తయారైన ఆటగాడు కలకత్తాలో ఆడటం రివాజైంది.

రెండోది, రహీమ్ వంటి నిర్వాహకుడు మళ్లీ దొరకకపోవడం. శిక్షణ, స్థానిక లీగ్, ఎంపిక అనే మూడింటినీ ఒకే దృష్టితో నడిపిన వ్యక్తి పోయాక ఆ మూడూ వేరువేరు చేతుల్లోకి వెళ్లాయి.

మూడోది, క్రీడా కోటా నియామకాలు పలచబడటం. ఉద్యోగం దొరకనప్పుడు దిగువ మధ్యతరగతి కుటుంబాల పిల్లలకు ఇరవై ఏళ్లు దాటాక ఆట కొనసాగించే వీలు లేకపోయింది.

నాలుగోది, నగరం పెరిగి మైదానాలు తగ్గిపోవడం, 1983 ప్రపంచ కప్ గెలుపు తర్వాత క్రికెట్ వైపు ఆసక్తి, వ్యాపార ప్రకటనలు మళ్లడం.

చివరగా, జాతీయ స్థాయిలో ప్రొఫెషనల్ లీగ్‌లు వచ్చాయి. 1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, 2007లో ఐ–లీగ్, 2014లో ఇండియన్ సూపర్ లీగ్ మొదలయ్యాయి. శాఖాపరమైన జట్లకు ఈ కొత్త వ్యవస్థలో స్థానం క్రమంగా తగ్గిపోయింది. రోవర్స్ కప్ టోర్నమెంటే 2000–01 తర్వాత ఆగిపోయింది.

ప్రధాన విజయాలు

ఆష్ గోల్డ్ కప్: 1943.
రోవర్స్ కప్: 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (ఈస్ట్ బెంగాల్‌తో సంయుక్తంగా), 1963.
డ్యూరాండ్ కప్ విజేత: 1950, 1954, 1957, 1961.
డ్యూరాండ్ కప్ రన్నరప్: 1952, 1956, 1963.

జట్టు పనిచేసిన తీరు

నియామకం

స్థానిక లీగ్‌లో, కళాశాల జట్లలో రాణించిన యువకులను పోలీసు శాఖ సిబ్బందిగా చేర్చుకునేది. ఆటగాడు ముందు పోలీసు, తర్వాతే క్రీడాకారుడు. కవాతు, వ్యాయామం, వేళకు లేవడం ఉద్యోగంలో భాగమే కాబట్టి దారుఢ్యం కోసం ప్రత్యేక శిబిరాల మీద ఆధారపడాల్సిన అవసరం తక్కువ. అందరూ ఒకే ఊళ్లో ఉండి ఏళ్ల తరబడి కలిసి ఆడటంతో, బంతి అందుకునేవాడు ఎటు కదులుతాడో అందించేవాడికి ముందే తెలిసేది. కలకత్తా క్లబ్బులు ఏటా ఆటగాళ్లను మార్చుకునే రోజుల్లో ఇది హైదరాబాద్‌కు కలిసివచ్చిన అంశం.

శిక్షణ

రహీమ్ 1909 ఆగస్టు 17న జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఆ జట్టుకు ఆడారు. ఆ తర్వాత కాచిగూడ, చాదర్‌ఘాట్ తదితర ప్రాంతాల పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ డిప్లొమా పొందారు. ఉపాధ్యాయుడి పద్ధతే ఆయన శిక్షణలో కనిపిస్తుంది. పిల్లవాడిలో ఉన్న లోపాన్ని గుర్తించి, దాన్ని సరిచేసే అభ్యాసం తయారుచేయడం ఆయన అలవాటు.

ఇందుకు ఆయన హైదరాబాద్‌లో పెట్టించిన ప్రత్యేక టోర్నమెంట్లు మంచి ఉదాహరణ. ఒక టోర్నమెంటులో డ్రిబ్లింగ్ నిషేధం. బంతి కాలికి అందగానే మరొకరికి ఇచ్చేయాలి. మైదానమంతా చుట్టివచ్చే సొగసు ఆటకు అలవాటుపడిన కుర్రాళ్లు, బంతి రాకముందే తలెత్తి చుట్టూ చూసుకోవడం ఇందులో నేర్చుకున్నారు. మరొక టోర్నమెంటులో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడి కాలి ఆటగాడు ఎడమ కాలితోనే పాస్ ఇవ్వాలి, గోల్ కొట్టాలి. ఇలా ఏళ్ల తరబడి ఆడినవారికి రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవి.

ఆటతీరు

పొడవైన తన్నులు, వ్యక్తిగత విన్యాసాలు రాజ్యమేలుతున్న కాలంలో హైదరాబాద్ జట్టు నేల మీద చిన్న పాస్‌లతో, వేగంగా స్థానాలు మార్చుకుంటూ ఆడేది. సెంటర్ ఫార్వర్డ్ వెనక్కి జరిగి మధ్య మైదానంలో బంతి తీసుకునే పద్ధతిని రహీమ్ 1950లలో ప్రవేశపెట్టారు. 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ఆటతో లోకప్రసిద్ధి పొందిన 4–2–4 అమరికకు దగ్గరగా ఉండే వ్యూహాన్ని ఆయన అంతకుముందే భారత జట్టులో ప్రయోగించారు.

సామగ్రి

1952 హెల్సింకి ఒలింపిక్స్ వరకు భారత ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడేవారు. ఆ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 1–10తో ఓడిన తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. పేద కుటుంబాల ఆటగాళ్లకు బూట్లు కొనడం భారమే. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోని అమ్ముగూడ నుంచి వచ్చిన బలరామ్, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవారి చేత ఆట బూట్లుగా మార్పించుకున్నారు. శిక్షణ శిబిరానికి రోజూ వచ్చిపోయే స్తోమత లేదని ఆయన చెప్పినప్పుడు, సైకిలు అద్దెకు రహీమ్ డబ్బు ఏర్పాటు చేశారు. ఈ సంగతులను బలరామే తర్వాతి కాలంలో పలు ఇంటర్వ్యూల్లో చెప్పారు.

ప్రముఖ ఆటగాళ్లు

నూర్ మొహమ్మద్: హాఫ్‌బ్యాక్. 1951 ఆసియా క్రీడల్లో, 1952, 1956 ఒలింపిక్స్‌లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించారు.

అజీజుద్దీన్: డిఫెండర్. నూర్ మొహమ్మద్‌లాగే 1951 నుంచి 1956 వరకు జాతీయ జట్టులో స్థిరమైన స్థానం సంపాదించారు.

మొయినుద్దీన్, లాయిఖ్: తొలి డ్యూరాండ్, రోవర్స్ విజయాల కాలంలో దాడి విభాగానికి బలం. మొయినుద్దీన్ 1952 ఒలింపిక్స్ జట్టు సభ్యుడు.

అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్: 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టు సభ్యులు. ఆ జట్టులోని అతి పిన్న వయస్కుల్లో జుల్ఫికరుద్దీన్ ఒకరు.

తులసీదాస్ బలరామ్: హైదరాబాద్‌లోని రైడర్స్ క్లబ్‌లో ఎదిగి, కలకత్తాలో పేరు గడించిన ఫార్వర్డ్. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ, పెరూలపై గోల్స్ చేశారు. 1962లో అర్జున అవార్డు అందుకున్నారు. 2023 ఫిబ్రవరి 16న మరణించారు.

యూసుఫ్ ఖాన్: ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టులో సుదీర్ఘకాలం ఆడారు. 1960 ఒలింపిక్స్, 1962 ఆసియా క్రీడల జట్టు సభ్యుడు. 1966లో అర్జున అవార్డు పొందారు.

సయ్యద్ నయీముద్దీన్: పోలీసు జట్టు నుంచి కలకత్తా వెళ్లిన డిఫెండర్. 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడు. ఆటగాడిగా అర్జున, శిక్షకుడిగా ద్రోణాచార్య అవార్డులు పొందారు.

భారత జట్టుకు తోడ్పాటు

రహీమ్ శిక్షణలో భారత్ 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాపై 4–2తో నెగ్గి, సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా నిలిచింది. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1–1గా డ్రా చేసుకుంది. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి రెండో ఆసియా స్వర్ణం సాధించింది. ఆ నాటికే రహీమ్ అనారోగ్యంతో ఉన్నారు. ఏడాది తిరగకుండానే మరణించారు.

ఈ జట్లన్నింటిలో హైదరాబాద్ ఆటగాళ్ల వాటా పెద్దది. వారు క్లబ్ స్థాయిలో ఒకే శిక్షకుడి దగ్గర నేర్చుకున్న వ్యూహాన్నే దేశం తరఫునా ఆడారు. నగర జట్టులో పరీక్షించిన పద్ధతి జాతీయ జట్టులో అమలు కావడం ఈ దశ ప్రత్యేకత.

అమెచ్యూర్ క్లబ్బుల రకాలు

తెలుగు ప్రాంతాల్లో అమెచ్యూర్ ఫుట్‌బాల్ జట్లను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పవచ్చు.

శాఖాపరమైన జట్లు: పోలీసు, రైల్వే, సైనిక విభాగాలు, బ్యాంకులు నడిపేవి. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్ జట్టు ఈ కోవలోది. 1961 రోవర్స్ కప్ విజేత అదే.

పూర్వ విద్యార్థుల జట్లు: విద్యాసంస్థ విడిచాక కూడా కలిసి ఆడేవారివి. సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ ఇందుకు ఉదాహరణ.

బస్తీ, పేట జట్లు: ఒక మైదానం చుట్టూ నివసించేవారు ఏర్పరచుకునేవి. చందాలతో, ఒకరిద్దరు పెద్దల ఉత్సాహంతో నడుస్తాయి.

పాఠశాల, కళాశాల జట్లు: పాఠశాల క్రీడా సమాఖ్య పోటీల్లో, 1960లో మొదలైన సుబ్రతో కప్‌లో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడేవి. మిగతా మూడు రకాలకూ ఆటగాళ్లను అందించేవి ఇవే.

జిల్లా సందర్భం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హైదరాబాద్ సంస్థాన కాలం నుంచీ కరీంనగర్ జిల్లాలో భాగంగా ఉండేవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేర్వేరు జిల్లాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో ఉంది. వరి, మామిడి, పసుపు పండే వ్యవసాయ ప్రాంతం జగిత్యాల, కోరుట్లలది. సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. మూడు చోట్ల నుంచీ గల్ఫ్ దేశాలకు వలస ఎక్కువ. ఇరవై ఏళ్ల వయసులో ఊరు విడిచి వెళ్లే యువకులు అధికంగా ఉన్నచోట ఏ స్థానిక జట్టుకైనా ఏళ్ల తరబడి ఒకే పదకొండు మందిని నిలుపుకోవడం కష్టం. హైదరాబాద్ పోలీసు జట్టుకు బలంగా మారిన అంశం, అంటే ఉద్యోగం వల్ల ఊళ్లోనే ఉండిపోయే ఆటగాళ్లు, ఇక్కడ లోటుగా కనిపిస్తుంది.

పోలీసు వ్యవస్థ ఈ ప్రాంతంలోనూ ఉంది. సిరిసిల్ల సమీపంలోని సర్దాపూర్‌లో 17వ ప్రత్యేక పోలీసు బెటాలియన్ ఉంది. బెటాలియన్లు, జిల్లా పోలీసు యంత్రాంగాలు శాఖాపరమైన క్రీడా పోటీలకు జట్లను పంపే సంప్రదాయం రాష్ట్రమంతటా ఉంది. హైదరాబాద్ జట్టు పుట్టిందీ అలాంటి సంప్రదాయం నుంచే.

పరిపాలన పరంగా జిల్లా ఏర్పాటు క్రీడలకు ఒక అవకాశం. ఉమ్మడి జిల్లాకు ఒక్క జట్టు వెళ్లే చోట ఇప్పుడు ప్రతి జిల్లా నుంచీ ఒక జట్టు రాష్ట్ర పోటీలకు అర్హత కోరవచ్చు. స్థానిక క్లబ్ ఒకటి గుర్తింపు పొందడానికి సాధారణంగా అనుసరించే క్రమం ఇది.

నమోదు: 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సంఘంగా నమోదు కావడం. నియమావళి, కార్యవర్గం, బ్యాంకు ఖాతా, ఏటా లెక్కల తనిఖీ ఇందులో భాగం.

అనుబంధం: జిల్లా ఫుట్‌బాల్ సంఘంలో సభ్యత్వం. జిల్లా సంఘం రాష్ట్ర సంఘానికి, రాష్ట్ర సంఘం అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకు అనుబంధంగా ఉంటాయి.

ఆటగాళ్ల నమోదు: సమాఖ్య నడిపే కేంద్రీకృత ఆన్‌లైన్ వ్యవస్థలో వయసు ధ్రువపత్రంతో సహా వివరాలు చేర్చడం.

మైదానం: నిబంధనల ప్రకారం పొడవు 90 నుంచి 120 మీటర్లు, వెడల్పు 45 నుంచి 90 మీటర్లు. గోల్‌పోస్టుల మధ్య దూరం 7.32 మీటర్లు, నేల నుంచి అడ్డపట్టీ ఎత్తు 2.44 మీటర్లు. పట్టణాల్లో జూనియర్ కళాశాల మైదానాలు, ఉన్నత పాఠశాల ఆవరణలే సాధారణంగా ఇందుకు సరిపోతాయి.

శిక్షకుడు: సమాఖ్య ఇచ్చే ప్రాథమిక, డి–లైసెన్సు శిక్షణ పొందినవారు. వ్యాయామ ఉపాధ్యాయులు ఈ శిక్షణకు సహజంగా తగినవారు.

పొరుగున ఉన్న నిజామాబాద్ జిల్లా ఒక ఉదాహరణ చూపుతుంది. అక్కడి తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఎదిగి, 2024–25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ మహిళా క్రీడాకారిణి అవార్డు పొందారు. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ క్లబ్‌కూ ఆమె ఆడారు. పెద్ద నగరం వెలుపల, జిల్లా స్థాయి శిక్షణతో మొదలైన ఆట అంతర్జాతీయ స్థాయికి చేరగలదని ఆమె ప్రస్థానం రుజువు చేస్తుంది.

తర్వాతి పరిణామాలు

పోలీసు జట్టు వెనకబడ్డాక కూడా హైదరాబాద్ నుంచి ఆటగాళ్లు రావడం ఆగలేదు. 1949లో హైదరాబాద్‌లో పుట్టిన మొహమ్మద్ హబీబ్ కలకత్తా క్లబ్బుల్లో ఆడి, 1977 సెప్టెంబరులో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ తరఫున గోల్ చేశారు. ఆ మ్యాచ్ 2–2తో ముగిసింది. షబ్బీర్ అలీ 1974లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువ టైటిల్ పంచుకున్న భారత జట్టులో ఆడారు. ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న తొలి ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఆయనే.

ప్రొఫెషనల్ దశలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఏర్పడింది. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. శ్రీనిధి డెక్కన్ క్లబ్ ఐ–లీగ్‌లో ఆడింది. 2024 డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో జరిగింది. పశ్చిమ బెంగాల్ 1–0తో కేరళను ఓడించింది. అదే సంవత్సరం రహీమ్ జీవితం ఆధారంగా హిందీ చిత్రం మైదాన్ విడుదలైంది. ఆయన పాత్రను అజయ్ దేవగణ్ పోషించారు.

ప్రాముఖ్యం

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ప్రాముఖ్యాన్ని మూడు కోణాల్లో చూడవచ్చు.

క్రీడాపరంగా, కలకత్తా కేంద్రంగా ఉన్న భారత ఫుట్‌బాల్‌లో దక్షిణాది జట్టు ఒకటి దశాబ్దానికి పైగా సమవుజ్జీగా నిలిచింది. చిన్న పాస్‌ల ఆట, వెనక్కి జరిగే సెంటర్ ఫార్వర్డ్ వంటి పద్ధతులను దేశానికి అలవాటు చేసింది.

సామాజికంగా, కంటోన్మెంట్ బస్తీల నుంచి, పాతబస్తీ నుంచి వచ్చిన పేద, దిగువ మధ్యతరగతి యువకులకు ఆట ద్వారా ప్రభుత్వోద్యోగం, గౌరవం దక్కాయి. వేర్వేరు మతాలు, భాషల కుటుంబాల పిల్లలు ఒకే జట్టులో ఆడారు.

వ్యవస్థాపరంగా, స్థానిక క్లబ్ బలపడటానికి ఏమేం కావాలో ఈ జట్టు చరిత్ర స్పష్టం చేస్తుంది. రోజూ ఆడుకునే మైదానం, ఏటా జరిగే స్థానిక లీగ్, ఆటగాడి కుటుంబానికి భరోసా ఇచ్చే ఉద్యోగం, నేర్పడం తెలిసిన శిక్షకుడు అనే నాలుగూ 1950ల హైదరాబాద్‌లో ఒకచోట కలిశాయి. ఒక్కొక్కటే తొలగిపోయిన కొద్దీ జట్టు బలహీనపడింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలలో ఏర్పడే ఏ క్లబ్‌కైనా ముందుగా సమకూర్చుకోవలసినవి ఇవే. వీటిలో మొదటి రెండింటికి పెద్ద పెట్టుబడి అవసరం లేదు. బడి మైదానాన్ని సాయంత్రాలు తెరిచి ఉంచడం, జిల్లాలోని జట్ల మధ్య ఏటా తప్పకుండా లీగ్ జరపడం స్థానికుల చేతిలోని పనులే.

సంబంధిత అంశాలు

డ్యూరాండ్ కప్: 1888లో సిమ్లాలో మొదలైన, ఆసియాలోని అతి పురాతన ఫుట్‌బాల్ టోర్నమెంటు.

రోవర్స్ కప్: 1891లో బొంబాయిలో మొదలైన టోర్నమెంటు.

సంతోష్ ట్రోఫీ: 1941లో మొదలైన రాష్ట్రాల మధ్య జాతీయ ఛాంపియన్‌షిప్.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ (1909–1963): ఉపాధ్యాయుడు, శిక్షకుడు. ఆయన కుమారుడు ఎస్.ఎ. హకీమ్ 1960 ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తర్వాత అంతర్జాతీయ రిఫరీ.

లాల్ బహదూర్ స్టేడియం: పూర్వనామం ఫతే మైదాన్. 2008 ఆసియా ఛాలెంజ్ కప్ మ్యాచ్‌లకు వేదిక. ఆ టోర్నమెంటును భారత్ గెలుచుకుంది.